మొలలో కత్తి నుంచి జేబులో చాకు దాకా

మన్యం చరిత్ర రాసినవాళ్లు తుపాకులు లెక్కపెట్టారు. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల నుంచి అల్లూరి సీతారామరాజు దళం పట్టుకెళ్లిన తుపాకులు 26 అని బడిపిల్లలు కూడా చెబుతారు. తీసుకున్నదానికి స్టేషను పుస్తకంలోనే పద్దు రాసి సంతకం చేశారు కాబట్టి ఆ లెక్క మిగిలింది. విల్లంబులకు విగ్రహాల్లో చోటు దొరికింది. మన తాతల మొలలో పొద్దస్తమానం ఉండిన చిన్న కత్తికి మాత్రం ఏ పుస్తకంలోనూ పెద్దగా చోటు దొరకలేదు. ఈ సంచికలో వీరుల గురించి రాసేవాళ్లు చాలామంది ఉంటారు. నేను కత్తి గురించి రాస్తాను.

ఇంకో కారణం కూడా ఉంది. కాకినాడలోనో రాజమండ్రిలోనో చదువుకుంటున్న, ఉద్యోగాలు చేస్తున్న మన కుర్రవాళ్లు జేబులో పెట్టుకోవడానికి ఒక మడత చాకు కొనాలనుకుంటారు. ఏది కొనాలి, ఎంత పొడవుండాలి, పోలీసులు పట్టుకుంటారా, డబ్బు దండగవుతుందా అని అడుగుతారు. ఇది సరదా ప్రశ్నలా కనిపిస్తుంది కానీ జవాబు చెప్పాలంటే నూటయాభై ఏళ్ల వెనక్కి వెళ్లాలి. మన చేతిలో కత్తి ఎంత పొడవుండాలో మన పని ఒక్కటే తేల్చలేదు. మనం ఎవరి మధ్య నడుస్తున్నామో అది కూడా తేల్చింది.

ఆ మాటకు అన్నవరం మంచి ఉదాహరణ. ఒక పక్క మద్రాసు-హౌరా రైలు దారి, జాతీయ రహదారి. ఇంకో పక్క శంఖవరం మీదుగా, ఏలేశ్వరం మీదుగా అడ్డతీగల, రాజవొమ్మంగి కొండలకు దారులు. 1891లో రత్నగిరి మీద సత్యనారాయణస్వామి గుడి వెలిసింది. ఆ దశాబ్దంలోనే రైలు కూడా వచ్చింది. కొండ దిగినవాళ్లకు మైదానం ఇక్కడ మొదలవుతుంది, మైదానం వాళ్లకు మన్యం ఇక్కడ మొదలవుతుంది. కొండ మీద పదిమందిలో ఒకరిగా కనిపించే మనిషి, మొలలో అదే కత్తితో ఈ గడప దాటగానే అనుమానాస్పదుడు అవుతాడు. కత్తి మారలేదు, చూసే కళ్లు మారాయి.

కమ్మరి కొలిమి

ముందు ఆ మొలకత్తి ఏం చేసేదో చూద్దాం. వెదురు చీల్చడం, బద్దలు తీయడం, తట్ట అల్లడం. కొండరెడ్ల వెదురు పని ఎంత సన్నగా ఉంటుందో చూసినవాళ్లకు తెలుసు. అంత సన్న బద్ద గొడ్డలితో రాదు. అడ్డాకు కోయడం ఇంకోటి. అడ్డతీగల ఊరి పేరులోనే ఆ తీగ ఉంది. ఆ ఆకు కోసి, ఎండబెట్టి, పుల్లతో కుట్టిన విస్తళ్లు సంతల దాకా వచ్చేవి. అన్నవరంలో స్వామి ప్రసాదాన్ని ఆకు పొట్లంలో అందుకునే భక్తులు ఆకు కోసే చేతి గురించి, ఆ చేతిలోని కత్తి గురించి ఆలోచించరు. తప్పు పట్టడం లేదు, ఎవరమూ ఆలోచించం. ఇక చింతపండు, కుంకుళ్లు, కరక్కాయలు, దుంపలు, వేట మాంసం, బాణం కర్ర చెక్కడం, పసిబిడ్డ ఆడుకునే బొంగరం చెక్కడం, అన్నిటికీ అదే కత్తి.

1941లో ఆస్ట్రియా నుంచి వచ్చిన మానవశాస్త్రవేత్త క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్ గోదావరి ఒడ్డు కొండల్లో కొండరెడ్ల మధ్య ఉండి చూసి, 1945లో పుస్తకం వేశాడు. ఆయన చూసిన పోడు వ్యవసాయంలో నాగలి లేదు. గొడ్డలి, కత్తి, గుంత తీసే కర్ర. ఇంత తక్కువ ఇనుముతో ఒక కుటుంబం ఏడాది తిండి పండించుకునేది. అందుకే ఉన్న ఆ కొద్ది ఇనుము బాగుండాలి. అది బాగుండటం కమ్మరి చేతిలో ఉండేది.

కొండకమ్మరులు మనలో ఒక తెగ. షెడ్యూల్డు తెగల జాబితాలో కమ్మర అన్న పేరు ఉంది. వీళ్ల పనిని గురించి కాస్త వివరంగా రాయాలి, ఎందుకంటే మన సంచికల్లో ఆట, పాట, డోలు, కొమ్ముబూర వస్తాయి కానీ కొలిమి రాదు. కత్తి చేయడంలో సమ్మెట దెబ్బలు అందరికీ కనిపించే భాగం. అసలు విద్య చివర ఉంటుంది. అలుగు రూపం వచ్చాక దాన్ని మళ్లీ ఎర్రగా కాల్చి నీళ్లలోనో నూనెలోనో ముంచుతారు. అప్పుడు అది గాజులా గట్టిపడుతుంది. గాజులానే పెళుసు కూడా. రాయికి తగిలితే వాదర ఊడిపోతుంది. కాబట్టి మళ్లీ కొంచెం వేడి చూపించాలి. మెరిసే ఇనుము మీద రంగు పాకుతుంది. ముందు ఎండుగడ్డి రంగు, తర్వాత గోధుమ, తర్వాత ఊదా, నీలం. వాదర దగ్గర గడ్డి రంగు దాటకముందే ఆపితే పదును నిలుస్తుంది. వెన్ను వైపు నీలం దాకా పోనిస్తే కత్తి విరగకుండా వంగుతుంది. ఉష్ణమాపకం లేకుండా, కొలిమి నీడలో కంటితో చూసి ఆ క్షణాన్ని పట్టుకోవాలి. ఈ విద్యకు సర్టిఫికెట్టు లేదు. ఊరి కమ్మరికి కళ్లంలో మేర గింజలు కొలిచి ఇచ్చే రోజుల్లో దాని విలువ గింజల్లో తెలిసేది.

రోడ్లు, లారీలు వచ్చాక ఇనుము మారింది. పాడైపోయిన లారీ కమాను పట్టీ కమ్మరికి బంగారం. బరువు మోసి మోసి విరగకుండా ఉండటానికే చేసిన ఉక్కు అది. మంచి కత్తి అడిగితే ఈనాటికీ సంతలో కమ్మరి చెప్పే మొదటి మాట ‘కమాను పట్టీది’ అనే.

చెట్టుకు పెట్టే గాటు మీద పన్ను

రంప తిరుగుబాటు 1879 మార్చిలో మొదలైంది. కారణాలు చాలా ఉన్నాయి. మన్సబుదారు పీడన, పోలీసు లంచాలు, మైదానపు షావుకార్ల అప్పుల దావాలు. కానీ నిప్పు అంటుకున్నది కల్లు దగ్గర. మన కొండల్లో జీలుగు చెట్టుకు, తాటి చెట్టుకు గాటు పెట్టి ఇంటి మట్టుకు కల్లు తీసుకోవడం తరతరాల అలవాటు. దాని మీద మన్సబుదారు చిగురుపన్ను వేశాడు. ఆ పైన ప్రభుత్వం కొత్త ఆబ్కారీ పద్ధతిలో కల్లు హక్కును కంట్రాక్టర్లకు పాడించింది. తన పెరట్లో చెట్టుకు తన కత్తితో గాటు పెట్టాలంటే ఎవరికో డబ్బు కట్టాలి. ఇంత చిన్న విషయానికి తిరుగుబాటా అని ఆనాటి తెల్లదొరలు ఆశ్చర్యపోయారు. కత్తి గాటు మీద పన్ను అంటే చెట్టు ఎవరిది అన్న ప్రశ్న అని వాళ్లకు ఆలస్యంగా అర్థమైంది. కారం తమ్మన్నదొర, ద్వారబంధాల చంద్రయ్య లాంటి నాయకులు లేచారు. అడ్డతీగల స్టేషను తగలబడింది. పోలీసులు చాలక మద్రాసు సైన్యం రెజిమెంట్లు దిగాయి. 1880 దాకా పోరు నడిచింది.

దీనికి ఒక్క ఏడాది ముందు, 1878లో, భారత ఆయుధాల చట్టం వచ్చింది. 1857 తర్వాత జనం చేతిలో ఆయుధం లేకుండా చేయాలన్న ఆలోచనకు అది పూర్తి రూపం. లైసెన్సు లేకుండా తుపాకీ, కత్తి, బరిసె పట్టుకుని తిరగకూడదు. పనిముట్టుకీ ఆయుధానికీ మధ్య గీత గీసే అధికారం ఆ రోజు నుంచి కమ్మరి దగ్గర లేదు, వాడుకునేవాడి దగ్గరా లేదు. అది కచేరీకి పోయింది. 1882 మద్రాసు అటవీ చట్టం పోడు నరుకుడు మీద ఆంక్షలు పెట్టాక మన కత్తి, గొడ్డలి రెండూ నేరానికి సాక్ష్యాలయ్యాయి. నలభై ఏళ్ల తర్వాత రాజు వెంట గాం గంటందొర, మల్లుదొర నడవడానికి కారణాల్లో ఇదొకటి.

1923 ఏప్రిల్‌లో రాజు కొద్దిమంది అనుచరులతో పట్టపగలే అన్నవరం వచ్చారు. స్టేషనుకు వెళితే ఆయుధాలు దొరకలేదు. జనం ఎదురువచ్చి గౌరవించారు. కొండెక్కి స్వామి దర్శనం చేసుకున్నారు, పత్రికా విలేకరితో మాట్లాడారు. ఆ పట్టణం మన్యం మనిషిని భయం లేకుండా చూసిన రోజు అది. అలాంటి రోజులు ఎక్కువ రాలేదు.

మడిచే కత్తి ఎవరిది?

మడత చాకు తెల్లవాళ్లు తెచ్చిన వస్తువని చాలామంది అనుకుంటారు. సగం నిజం. ఆస్ట్రియాలోని హాల్‌స్టాట్‌లో దొరికిన ఎముక పిడి మడత కత్తి దాదాపు 2,500 ఏళ్ల నాటిది. రోమన్లు వాడారు. మన దక్షిణాదిలో తాటాకు మీద రాసే లేఖకులకు గంటం, ఆకు కత్తిరించే చిన్న అలుగు ఒకే పిడిలోకి మడిచే పనిముట్టు ఉండేది. మ్యూజియాల్లో ఇప్పటికీ చూడొచ్చు. అంతకంటే దగ్గరి ఉదాహరణ క్షురకుల కత్తి. అన్నవరంలో తలనీలాలు ఇచ్చిన వేల తలల మీద తిరిగింది మడిచే అలుగే. ఆ కత్తి చూసి భక్తుడు భయపడడు. అది పిడిలోకి మడిచి ఉంటుంది, ఎవరి చేతిలో ఉండాలో వాళ్ల చేతిలో ఉంటుంది, ఏ పనికో అందరికీ తెలుసు. కత్తి గురించిన భయం ఈ మూడింటి మీద ఆధారపడుతుందని నాకు అనిపిస్తుంది.

‘చాకు’ అనే మాట పారశీకం నుంచి ఉర్దూ మీదుగా మనకు వచ్చింది. వస్తువు చౌకగా సంతకు రావడానికి మాత్రం ఇంగ్లండులోని షెఫీల్డు కారణం. పదిహేడో శతాబ్దం నుంచి అక్కడ పిడి వెన్నులో స్ప్రింగు పట్టీ పెట్టి చాకులు చేశారు. తెరిచాక అలుగు తనంతట తాను వాలిపోకుండా ఆ పట్టీ ఒత్తి పెడుతుంది. బాతు ఈక కలం చెక్కుకునే చాకు కాబట్టి దానికి పెన్ నైఫ్ అని పేరు. రైళ్లు, ఓడలు వచ్చాక గుమాస్తా జేబులోకి, బడిపంతులు జేబులోకి, అక్కడి నుంచి సంత గోనెపట్టా మీదికి చేరింది.

మన కథకు దగ్గరగా ఉన్నవి ఇంకో రెండు చోట్ల ఉన్నాయి. మొదటిది జపాను. 1876లో అక్కడి ప్రభుత్వం సమురాయిలు బయట కత్తి కట్టుకుని తిరగకూడదని ఆజ్ఞ జారీ చేసింది, మన ఆయుధాల చట్టానికి రెండేళ్ల ముందు. తర్వాత ఇరవై ఏళ్లకు మికీ అనే పట్టణంలోని కమ్మరులు ‘హిగోనోకామి’ అనే చిన్న మడత చాకు చేశారు. దానిలో స్ప్రింగు లేదు. మడిచిన రేకు పిడి, ఒక అలుగు, ఒక రివిట్టు, బొటనవేలితో నొక్కిపట్టే చిన్న తోక. అంతే. పెన్సిలు చెక్కుకోవడానికి బడిపిల్లలు కొన్నారు, పొలం వాళ్లు కొన్నారు. 1960 తర్వాత పిల్లల చేతిలో కత్తి వద్దన్న ఉద్యమంతో గిరాకీ పడిపోయినా, పేరు మిగిలింది, చేసేవాళ్లు మిగిలారు.

రెండోది ఫ్రాన్సులో సవోయ్ కొండలు. అక్కడ ఒక కొండపల్లెలో రైతులకు గొడ్డళ్లు, కొడవళ్లు చేసే కుటుంబంలో పుట్టిన జోసెఫ్ ఒపినెల్ 1890లో కర్ర పిడి పెట్టి చవక మడత చాకు చేశాడు. కొన్నేళ్లకు 1 నుంచి 12 దాకా సైజులు వచ్చాయి. 1955లో పిడి మెడ దగ్గర తిరిగే ఉంగరం చేర్చారు, అది తిప్పితే అలుగు మడవదు. పశువుల కాపరుల చాకు ఇప్పుడు ప్రపంచమంతా అమ్ముడవుతుంది.

కొండ కమ్మరి, చవక చాకు, పేద కొనుగోలుదారు. ఇవన్నీ మనకూ ఉన్నాయి. చట్టం దెబ్బ కూడా ఒకే కాలంలో తగిలింది. మికీ కమ్మరులకు, సవోయ్ కమ్మరి కొడుక్కి రైలు సరుకు తీసుకెళ్లే దారి అయింది. మనకు అదే రైలు సరుకు తెచ్చిపడేసే దారి అయింది. అన్నవరం స్టేషనులో దిగిన షెఫీల్డు చాకు, తర్వాత ఉత్తరాది చాకు, ఇప్పుడు చైనా చాకు కొండెక్కాయి. కొండకమ్మరి చేసినది కొండ దిగలేదు. ఇది విధి కాదు. కొనేవాడికీ చేసేవాడికీ మధ్య ఎవరూ నిలబడకపోవడం వల్ల జరిగింది.

ఉత్తరప్రదేశ్‌లోని రాంపురి చాకు సంగతి వేరే. నైపుణ్యంలో అది తక్కువది కాదు. కానీ హిందీ సినిమా విలన్ చేతిలో పడి, అలుగు పొడవు పెరిగి, ‘టక్’మని తెరుచుకునే చప్పుడే గొప్పయిపోయి, చివరికి ఆంక్షల పాలైంది. మడత చాకుకు మన దేశంలో చెడ్డ పేరు తెచ్చింది ఎక్కువగా ఆ తెర మీది చప్పుడే.

చట్టం ఇప్పుడు ఏమంటుంది

1959 ఆయుధాల చట్టం, దాని కింద వచ్చిన నిబంధనలు ఇప్పుడు అమల్లో ఉన్నాయి. ప్రభుత్వం నోటిఫై చేసిన ప్రాంతాల్లో 9 అంగుళాల కంటే పొడవు లేదా 2 అంగుళాల కంటే వెడల్పు అలుగున్న కత్తికి లైసెన్సు కావాలి. ఇంటి పనికి, వ్యవసాయానికి, శాస్త్ర, పారిశ్రామిక పనులకు చేసినవాటికి మినహాయింపు ఉంది. ఢిల్లీలో 1980 నాటి నోటిఫికేషను ఇంకా గట్టిది. బటనుతోనో మరో యంత్ర పద్ధతిలోనో తెరుచుకునే కత్తి అలుగు 7.62 సెంటీమీటర్లు, అంటే 3 అంగుళాలకు చేరితే, వెడల్పు 1.72 సెంటీమీటర్లు ఉంటే కేసు పెట్టొచ్చు. చదువుకో, ధర్నాకో ఢిల్లీ వెళ్లే మన పిల్లలు ఇది తెలుసుకోవాలి. విమానం ఎక్కేటప్పుడు చాకు ఎంత చిన్నదైనా చేతిసంచిలో వద్దు, లోడు చేసే పెట్టెలో వేయాలి.

మనకు అసలు చిక్కు ఇంకో చోట ఉంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ‘ఆయుధం’ అనే మాటకు ఇచ్చిన నిర్వచనంలో తుపాకులు, విల్లంబులు, ఉచ్చులు, వలలతో పాటు కత్తులు అని కూడా ఉంది. ఎంత పొడవు అని లేదు. రాతపూర్వక అనుమతి లేకుండా ఆయుధంతో అభయారణ్యంలోకి, జాతీయ పార్కులోకి వెళ్లకూడదు. పాపికొండలు 1978లో అభయారణ్యం, 2008లో జాతీయ పార్కు అయ్యాయి. ఆ కొండల్లో కొండరెడ్ల ఊళ్లున్నాయి. అక్షరం ప్రకారం చదివితే, వెదురు బద్ద తీసుకోవడానికి మొలలో కత్తితో బయలుదేరిన మనిషి ఆయుధధారి. ఇంకో పక్క 2006 అటవీ హక్కుల చట్టం, తరతరాలుగా సేకరిస్తున్న చిన్నతరహా అటవీ ఫలసాయం మీద మనకే యాజమాన్య హక్కు అంటుంది. అడ్డాకు నాదే, కోసే కత్తి మాత్రం నేరమా? ఈ రెండు చట్టాల మధ్య ఇరుక్కున్న మనిషికి గ్రామసభ తీర్మానం, హక్కు పత్రం నకలు దగ్గర ఉంచుకోవడం చాలా మేలు చేస్తుంది.

ఇక్కడొక మాట అనకుండా ఉండలేను. సంక్రాంతి వస్తే గోదావరి జిల్లాల్లో కోడి కాలికి కత్తి కట్టి లక్షలు పందెం కాస్తారు. హైకోర్టు వద్దన్నా బరులు వెలుస్తాయి, పెద్దమనుషులు కుర్చీలేసుకుని కూర్చుంటారు. ఆ కత్తి సంస్కృతి, మొలలో అడ్డాకు కోసే కత్తి అనుమానం!

అయితే ఏది కొనాలి

ఇంత చెప్పాక ఆ కుర్రవాళ్ల ప్రశ్నకు జవాబు కష్టం కాదు. అలుగు రెండున్నర అంగుళాలు, మహా అయితే మూడుకు లోపు. నాలుగు వేళ్లు పక్కపక్కన పెడితే ఎంతో అంత. మామిడికాయ కోయడానికి, తాడు తెంచడానికి, బస్తా కుట్టు విప్పడానికి, పుల్ల చెక్కడానికి అంతకు మించి అక్కర్లేదు. జట్టుగా నలుగురి మధ్య తీసినా ఎవరూ వెనక్కి జరగరు. బటను నొక్కితే ఎగిరి తెరుచుకునేది ఎంత చవకగా వచ్చినా వద్దు. అది పనికి చేసింది కాదు, చూపించడానికి చేసింది, చట్టం కళ్లలో పడేదీ అదే. రెండు చేతులతో, గోటితో లాగి తెరిచేది కొనండి.

ఆన్‌లైన్‌లో చవకగా వచ్చే పది పనిముట్ల చాకుల్లో సీసా మూత తీసేది, కత్తెర, స్క్రూడ్రైవరు అన్నీ ఉంటాయి, సరైన అలుగు మాత్రం ఉండదు. అదే డబ్బుకు ఒకే అలుగున్నది తీసుకుంటే ఉక్కు మీద ఖర్చు పడుతుంది. స్టెయిన్‌లెస్ తుప్పు పట్టదు, గోదావరి తీరపు చెమటకు, ఉప్పు గాలికి మంచిది. కానీ చవకరకం స్టెయిన్‌లెస్ పదును తొందరగా పోతుంది. మామూలు కార్బన్ ఉక్కు సానరాయి మీద నాలుగు రుద్దులకే పదునెక్కుతుంది. చింతపండు, నిమ్మకాయ తగిలితే నల్లబడుతుంది, తుడవకపోతే తుప్పు పడుతుంది. నల్లబడటం లోపం కాదు, ఆ నలుపు కొంత రక్షణ కూడా. రోజూ చేతిలో ఉండేవాళ్లు కార్బన్, నెలకోసారి తీసేవాళ్లు స్టెయిన్‌లెస్ తీసుకోవడం నా సలహా.

కొట్టులో నిలబడి చూడాల్సినవి కొన్ని. చాకు తెరిచి అలుగును అటూ ఇటూ కదిపితే ఆడకూడదు. మడిచి వెలుతురుకు ఎదురుగా పెట్టి చూస్తే అలుగు పిడి మధ్యలో ఉండాలి, ఒక పక్కకు రాసుకుంటే కొన్నాళ్లకు వాదర పోతుంది. రివిట్టు ఇత్తడిదో ఇనుముదో ఉండాలి, ప్లాస్టిక్ పిడిలో గుచ్చిన రేకు మేకు కాదు. ఉంగరం తాళమున్నది దొరికితే మంచిది. తాళం లేని స్ప్రింగు చాకుతో పొడవడం, దేన్నైనా పెళ్లగించడం చేయొద్దు, మీ వేళ్ల మీదే మడుస్తుంది. నెలకోసారి కీలు దగ్గర ఒక చుక్క కొబ్బరినూనె వేస్తే చాలు. కొండ కింద తీర్థం కొట్లలో తాళంచెవుల గొలుసుకు తగిలించి అమ్మే బుల్లి చాకులు పిల్లల సరదాకే.

చిన్న అలుగు అంటే పని తగ్గించుకోవడమని అనుకోనక్కర్లేదు. తపసి జిగురు సంగతి చూడండి. ఒకప్పుడు గొడ్డలితో లోతుగా నరికి జిగురు తీసేవారు, చెట్లు చచ్చిపోయేవి. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ తర్వాతి కాలంలో శిక్షణ ఇచ్చి, చిన్న పనిముట్టుతో పైపైన బెరడు తీసే పద్ధతి నేర్పింది. చిన్న గాటు, బతికిన చెట్టు, శుభ్రమైన జిగురు, మంచి ధర.

కొనడం గురించి ఇంత చెప్పాను గానీ, నా ఆశ వేరే చోట ఉంది. జపాను కమ్మరుల చాకులో స్ప్రింగు లేదని పైన రాశాను. మడత చాకులో కష్టమైన భాగం ఆ స్ప్రింగే. అది తీసేస్తే మిగిలినదంతా, అంటే కమాను పట్టీ అలుగు, మడిచిన రేకు, ఒక రివిట్టు, మన కొండకమ్మరి కొలిమిలో పుట్టగలదు. పిడికి వెదురు, చింత కర్ర మన చేతిలోనే ఉన్నాయి. 2023లో మొదలైన పీఎం విశ్వకర్మ పథకం గుర్తించిన 18 వృత్తుల్లో కమ్మరం ఉంది. పనిముట్లకు 15,000 రూపాయలు, శిక్షణ రోజుల్లో రోజుకు 500 రూపాయలు, 5 శాతం వడ్డీకి రెండు విడతల్లో 3 లక్షల దాకా అప్పు ఇస్తారు. అమ్మకానికి వన్‌ధన్ కేంద్రాలున్నాయి. మన సంఘం నుంచి దరఖాస్తు నింపిపెట్టే చదువుకున్న కుర్రవాళ్లు నలుగురు కమ్మరుల ఇళ్లకు వెళ్తే, వచ్చే ఏడాది సంచికలో చాకు ఎక్కడ కొనాలి అన్న ప్రశ్నకు ఒక ఊరి పేరు రాయొచ్చు.

ఈలోగా ఒక పని. మీ ఇంట్లో చూరులోనో, పాత ట్రంకుపెట్టెలోనో తాతల నాటి కత్తి గానీ, తుప్పుపట్టిన మడత చాకు గానీ ఉంటే పారేయకండి, గీకి మెరిపించకండి. స్కేలు పక్కన పెట్టి రెండు వైపులా ఫోటో తీయండి. పిడి ఏ కర్ర, ఏ కమ్మరి చేశాడు లేదా ఏ సంతలో కొన్నారు, ఏ పనికి వాడేవారు, మీ భాషలో దాన్ని ఏమంటారు, ఇవి ఇంట్లో పెద్దవాళ్లను అడిగి రాసి సంఘానికి పంపండి. అలుగు మీద గుర్తు ఏదైనా ఉంటే దాన్ని దగ్గరగా ఇంకో ఫోటో తీయండి.